పచ్చకప్పు మీద మా ఆడపడుచు

మా ఆడపడుచు స్టూలెక్కదు. ఇంట్లో బల్బు మార్చాలంటే నేనెక్కాలి, తను కింద నిలబడి స్టూలు పట్టుకోవాలి. ఆ పట్టుకోవడం కూడా కళ్ళు మూసుకునే. "వదినా, నువ్వెక్కితే నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అంటుంది. ఎక్కింది నేను, తిరిగేవి తన కళ్ళు! బీరువా మీది పెట్టె దించమన్నా, కిటికీకి తెర తగిలించమన్నా అదే వరస. అలాంటి మనిషి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇంటికప్పును మించిన ఎత్తులో, చుట్టూ పిట్టగోడ కూడా లేనిచోట, మోకాళ్ళ మీద పాకుతూ పాటలు పాడుకుంటుందంటే ఎవరైనా నమ్ముతారా? నేను నమ్మలేదు. చూశాక నమ్మాను, నమ్మాక తిట్టాను, ఇప్పుడు కనిపించినవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోతున్నాను.

తను మా వీధి చివరి పార్కులో తోటమాలి. నా కుట్టు షాపు పార్కు గేటుకి ఎదురుగానే ఉంది. మిషను ముందు కూర్చుని తలెత్తితే చాలు, చెట్ల సందులోంచి మంటపం కనిపిస్తుంది. గుండ్రటి మంటపం, చుట్టూ స్తంభాలు, లోపల బెంచీలు. కప్పు నడుమ బండి చక్రమంత కంత ఉంది. వాన పడితే ఆ కంతలోంచి నీళ్ళు కింద గులకరాళ్ళ గుంటలో పడతాయి, పిల్లలు చుట్టూ చేరి కేరింతలు కొడతారు. ఇక ఆ కప్పు మీద రేకుల్లేవు, పెంకుల్లేవు. జానెడు మట్టి పోసి మొక్కలు పెంచుతున్నారు. ఆ మట్టే మా ఆడపడుచు సామ్రాజ్యం.

సామ్రాజ్యం అని ఊరికే అనలేదు. మా అత్తగారు మంచాన పడ్డప్పుడు తనకి పెళ్ళి వయసు. ఆవిడ మంచం పక్కనే కూర్చుని ఆ వయసంతా గడిపేసింది. అత్తగారు పోయేసరికి పెళ్ళి మాట తెచ్చేవాళ్ళూ లేరు, తెచ్చినా వినే ఓపిక తనకీ లేదు. మా ఇంట్లో తన గదిలో సగం నా గుడ్డల మూటలు, తన బీరువాలో సగం మా ఆయన పాత డ్రైవరు యూనిఫాంలు. 'ఇది నాది' అని తను గట్టిగా చెప్పుకోగలిగింది ఒక్క దువ్వెన. అది కూడా అప్పుడప్పుడు నేనే వాడేసేదాన్ని. నోట్లో నాలుక లేని మనిషి కదా, ఏమీ అనేది కాదు.

ఆ కప్పు తనకి దక్కడం కూడా చిత్రమే. మంటపం కొత్తగా కట్టినప్పుడు పార్కు ఆఫీసరు తోటమాలులందరినీ నిలబెట్టి, "పైన పని ఎవరు చూసుకుంటారు?" అని అడిగాడట. అందరూ కాళ్ళ వంక చూసుకున్నారు. సరిగ్గా అప్పుడే మా ఆడపడుచు చెవి దగ్గర కందిరీగ ఒకటి ఝుమ్మంది. తోలడానికి చెయ్యెత్తింది. "భేష్!" అన్నాడు ఆఫీసరు. కాదనడానికి నోరు పెగిలితేగా!

మొదటిరోజు నిచ్చెనెక్కడం చూడటానికి పార్కు పార్కంతా మూగింది. నేను షాపు వదిలేసి మెడలో టేపుతోనే పరిగెత్తాను. తను కళ్ళు మూసుకుని, ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ ఎక్కుతోంది. కింద తలా ఒక సలహా. "దిగవే తల్లీ! ఈ ఉద్యోగం కాకపోతే నా షాపులో బొత్తాలు కుట్టుకుందువుగాని!" అని నేను అరిచాను. వినలేదు. పైకి చేరి బోర్లా పడిపోయింది. చాలాసేపు చప్పుడు లేదు. అంతలో పైనుంచి కిలకిలా నవ్వు వినిపించింది. కంతలోంచి తన ముఖం తలకిందులుగా బయటికొచ్చింది, ముక్కుకి మట్టి.

"వదినా! ఇక్కడ మట్టుంది!"

"మట్టి ఉండక మబ్బులుంటాయా?"

"అది కాదు వదినా. మట్టి ఉందంటే ఇది కూడా నేలేగా!"

అంతే, ఆ రోజుతో తనకి ఆ కప్పు ఎత్తు కాకుండా పోయింది. స్టూలంటే మాత్రం ఇప్పటికీ భయమే, ఎందుకంటే స్టూలు మీద మట్టి ఉండదు.

మొదటి ఏడు అక్కడ ఎండుగడ్డి తప్ప ఏమీ కనిపించలేదు. రెండో ఏడు పసుపుపచ్చ పూలు, వాటి వెనకే ఊదారంగువి, కప్పు అంచు మీంచి కిందికి జారే తీగలు. ఎక్కణ్ణించి వచ్చాయో తేనెటీగలు వచ్చాయి. ఒక పిట్ట గూడు పెట్టింది. దారినపోయేవాళ్ళు ఆగి తలెత్తి చూడటం మొదలెట్టారు. పార్కులో తనని అందరూ 'పైనమ్మ' అని పిలవసాగారు. నోరులేని మా ఆడపడుచు కంతలోంచి తల పెట్టి, "ఏయ్, ఆ స్తంభానికి సైకిలు ఆనించకండి!" అని కేకలేయడం నా చెవులారా విన్నాను. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

ఒకటే నియమం. పైకి ఇంకెవర్నీ రానివ్వదు. "జానెడు మట్టి వదినా, కాలు పడితే వేళ్ళు నలుగుతాయి" అంటుంది. నేను వట్టికాళ్ళతో వస్తానన్నా ఒప్పుకోలేదు. పనికి వేసుకునే ఏప్రను నేను కుట్టిచ్చినా, దానికి ఇంత పెద్ద జేబు పెట్టిచ్చినా, రోజూ మధ్యాహ్నం అన్నం డబ్బా మోసుకెళ్ళినా సరే, నాకూ ప్రవేశం లేదు. అసలు సంగతి వేళ్ళు కాదని నాకు తెలుసు. అది తనది, అంతే. నేనూ దువ్వెన వాడటం మానేశాను.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి, తర్వాత కొంప ముంచింది అదే. నీళ్ళ పైపు భుజాన వేసుకుని నిచ్చెనెక్కడం తనవల్ల కాలేదు. మంటపం స్తంభాల్లో ఒకటి డొల్ల, కప్పు మీది వాననీరు లోపల్నుంచి కిందికి దిగడానికి. తను కింద కుళాయికి పైపు తగిలించి, రెండో కొసని ఆ డొల్లలోంచి పైకి లాగేసింది. నీళ్ళు దిగాల్సిన దారిలో నీళ్ళని ఎక్కించిందన్నమాట! పొడవు చాలక రెండు పైపులు కలిపి, కలిపినచోట క్లిప్పు బిగించింది. ఎవరూ అడగలేదు, తనూ ఎవరికీ చెప్పలేదు.

ఆ మంటపంలో రోజూ మధ్యాహ్నం క్లారినెట్ వాయించుకునే తాతగారు ఒకాయన ఉన్నారు. అద్దంలా మెరిసే బట్టతల. ఒకరోజు ఫెళ్ళున ఎండ కాస్తుండగా ఆ తల మీద టప్‌మని ఒక చుక్క పడింది. ఆయన పైకి చూశారు. ఇంకో చుక్క కంట్లో పడింది. కబురు ఆఫీసరుకి చేరింది, ఆఫీసరు లీకులు బాగుచేసే మేస్త్రికి కబురంపాడు.

మేస్త్రి సైకిలు మీద వచ్చాడు, హ్యాండిలుకి నీలం బకెట్టు. పొడుగాటి మనిషి, నెరిసిన మీసం, మాటలు బహు పొదుపు. భార్య పోయి చాలా ఏళ్ళయిందట. వచ్చీ రాగానే చుక్క పడేచోట బకెట్టు పెట్టి, కంత కింద నిలబడి తలెత్తాడు.

"ఏవండీ, పైకొచ్చి చూడొచ్చా?"

పైన తల ప్రత్యక్షమైంది. "అక్కర్లేదు. కారేది కిందేగా, కిందనుంచే చూడండి."

"కారేది కిందైనా కారణం పైనుంటుంది కదండీ."

"నా మట్టికేం రోగం లేదు. మీ సిమెంటుకే ఉంది."

"సిమెంటు నాది కాదండీ, కట్టినవాళ్ళది."

"మీరూ మీరూ ఒకటే!"

మేస్త్రి మీసాల్లో నవ్వుకుని, స్తంభం స్తంభానికీ చెవి ఆనించి వినడం మొదలెట్టాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఆ మర్నాడు మళ్ళీ. బకెట్టు పెడతాడు, "పైకి రావచ్చా?" అని అడుగుతాడు, వద్దనిపించుకుంటాడు, చెవి ఆనిస్తాడు, స్తంభాలకి ఏదో పూస్తాడు, వెళ్ళిపోతాడు. చుక్క మాత్రం పడుతూనే ఉంది. వానలో కారుతోందో లేదో ఎవరూ చూడలేదు, వానొస్తే కంతలోంచి జల్లు ఎలాగూ కొడుతుంది, తడిసేవాళ్ళు తడుస్తారు. జనం అతనికి 'బకెట్టు మేస్త్రి' అని పేరు పెట్టేశారు.

కొన్నాళ్ళకి నా మిషను ముందు కూర్చునే ఒక వింత చూశాను. కంతలోంచి తాడు దిగింది. మేస్త్రి ఆ తాడుకి బకెట్టు కట్టాడు. బకెట్టులో టీ గ్లాసు! అది ఊగుతూ ఊగుతూ పైకెళ్ళింది. కాసేపటికి ఖాళీ గ్లాసు, అందులో నాలుగు ఊదారంగు పూలు, ఊగుతూ ఊగుతూ కిందికొచ్చాయి. నేను కుడుతున్న చొక్కాకి చెయ్యి అతకాల్సినచోట జేబు అతికేశాను.

ఇంట్లో తన సంబరానికి పట్టపగ్గాల్లేవు. కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తుంది. కుడి బూటు ఎడమకాలికి తొడుక్కుని గేటు దాకా వెళ్ళి, అక్కడ నిలబడి తనలో తనే నవ్వుకుంటుంది. అన్నం డబ్బా కాస్తా రెండు డబ్బాలయింది.

"ఇంత ఎవరికే?" అన్నాను.

"తేనెటీగలకి వదినా."

"తేనెటీగలు కూర తింటాయా?"

"ఏమో, అడిగి చెప్తాను" అని తుర్రుమంది.

మా ఆయన బస్సు నడుపుతాడు. కొంపలంటుకున్నా ఆదుర్దా పడడు. "మీ చెల్లెలు గాల్లో తేలిపోతోందండీ" అన్నాను. "కప్పు మీదే కదా దాని పని" అని పేపరు తిరగేశాడు. ఈయనతో చెప్పేకంటే ఆ స్తంభానికి చెప్పుకోవడం నయం.

అంత సంతోషమూ ఒక్క సాయంత్రంతో ఆవిరైపోయింది. మేస్త్రి వేరే పని మీద నాలుగు రోజులు పొరుగూరు వెళ్ళాడు. ఆ మధ్యలో ఆఫీసరు వచ్చి బకెట్టులో నీళ్ళు చూశాడు, పైకి చూశాడు. "ఇక ఆగేది లేదు. వానలు ముదిరేలోపు ఆ మట్టి ఎత్తి పారబోసి రేకులు వేయించేస్తాను" అన్నాడు.

మా ఆడపడుచు ఇంటికొచ్చి గడపలోనే కూలబడింది. బూట్లు కూడా విప్పలేదు. నేను గాభరాగా పక్కన కూర్చున్నాను. "ఒక్కటంటే ఒక్కటి నాదనుకున్నాను వదినా" అంది. వెక్కి వెక్కి ఏడ్చింది. తనని పొదివి పట్టుకుని నేనూ ఏడ్చాను. తర్వాత నాకు కోపమొచ్చింది. నాకు కోపమొస్తే మా వీధంతా కిటికీలు మూసుకుంటుంది. "రేకులా? వాడి నెత్తిన వేసుకోమను!" అని అరిచాను. మా ఆయన పేపరు కింద పెట్టాడు. పెళ్ళయ్యాక ఆయన నా మాటకి పేపరు దించడం అదే మొదలు. "రేపు నువ్వు కూడా వెళ్ళు" అన్నాడు.

మర్నాడు పారలతో పనివాళ్ళు వచ్చేసరికి నిచ్చెన లేదు. ఏమయిందంటే, మా ఆడపడుచు అందరికంటే ముందే ఎక్కి, నిచ్చెనని పైకి లాగేసుకుంది! నేను షాపు మూసి, చేతిలో కత్తెర ఉన్న సంగతి కూడా మర్చిపోయి పరిగెత్తాను.

"దిగవమ్మా!" అంటున్నాడు ఆఫీసరు.

"దిగను సార్!"

"ఎన్నాళ్ళుంటావు అక్కడ?"

"అన్నం మా వదిన తెస్తుంది!"

"తెస్తాను!" అని నేను కత్తెర పైకెత్తి అరిచాను. ఆఫీసరు రెండడుగులు వెనక్కి వేశాడు. క్లారినెట్ తాతగారు లేచి, "తడిసేది నా తల. నా తలకి లేని బాధ మీకెందుకండీ?" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. పనివాళ్ళు పారలు పక్కన పడేసి బెంచీల మీద కూర్చున్నారు. పైన తేనెటీగలు, కింద మేము, ఎవరూ తగ్గేలా లేరు. కానీ రేపో ఎల్లుండో ఇంకో నిచ్చెన వస్తుందని నాకు తెలుసు, కంతలోంచి కనిపిస్తున్న తన ముఖం చూస్తే తనకీ తెలుసని అర్థమైంది.

అప్పుడు సైకిలు గంట వినిపించింది. బకెట్టు మేస్త్రి! పొరుగూరి నుంచి తిన్నగా ఇటే వచ్చినట్టున్నాడు, జుట్టంతా దుమ్ము. పారలు చూశాడు. కంత వంక చూశాడు. సైకిలు అక్కడే వదిలేశాడు, అది దభీమని పడింది.

"కప్పు కారట్లేదు సార్" అన్నాడు.

"కారకపోతే ఈ నీళ్ళేంటయ్యా?"

"ఆ డొల్ల స్తంభంలో పైపుంది సార్. పైన అతుకు దగ్గర క్లిప్పు వదులైంది. ఆవిడ మొక్కలకి నీళ్ళు పెట్టినప్పుడు అక్కణ్ణించి చిమ్మి, దూలం వెంట పాకి ఇక్కడ పడుతోంది. కప్పుకేం కాలేదు. క్లిప్పు బిగిస్తే చాలు."

"ఎప్పుడు తెలిసిందయ్యా ఇది?" అన్నాడు ఆఫీసరు.

మేస్త్రి తల దించుకున్నాడు. "వచ్చిన మొదటి వారమే సార్."

"మరి ఇన్నాళ్ళూ?"

"చెప్తే ఆవిడ తప్పవుతుంది సార్. చెప్పకపోతే..." చెవులు ఎర్రబడ్డాయి పాపం, అంత పెద్ద మనిషికి. "చెప్పకపోతే బకెట్టు పెట్టడానికి రోజూ రావచ్చు."

పార్కంతా ఘొల్లున నవ్వింది. నేను నవ్వలేకపోయాను, నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పైన మాత్రం నవ్వూ లేదు, ఏడుపూ లేదు. కంతలోంచి గుప్పెడు తడిమట్టి వచ్చి మేస్త్రి నెత్తిన పడింది.

"మీకు సిగ్గుందా? నా మట్టిని పారలతో ఎత్తిపోసేదాకా నోరు మూసుకుంటారా? నాకున్నది ఇదొక్కటేనని మీకు తెలీదా?"

"నేను ఊళ్ళో లేనండీ. తెలిసుంటే..."

"ఇంకెప్పుడూ ఇటు రావద్దు!"

మేస్త్రి మట్టి దులుపుకోలేదు కూడా. పడిన సైకిలు లేవనెత్తుకుని వెళ్ళిపోయాడు. ఆఫీసరు వేలెత్తి, "ఈసారికి వదిలేస్తున్నాను. ఇంకొక్క చుక్క పడిందో, ఎవరేం చెప్పినా వినను, రేకులే!" అన్నాడు. మా ఆడపడుచు పైపు పైకి లాగి, క్లిప్పుని పళ్ళు బిగించి మరీ బిగించింది. చుక్క ఆగిపోయింది.

కప్పు దక్కింది కదా, ఎగిరి గంతేయాలి కదా! ఇంట్లో చూస్తే, బూట్లు సరైన కాళ్ళకే తొడుక్కుంటోంది. కూరలో ఉప్పు సరిగ్గా పడటం మొదలైంది. నాకు భయమేసింది.

"పిలవవే" అన్నాను.

"ఎందుకు పిలవాలి? లీకు లేదుగా."

"కోపం పోలేదా?"

"ఎప్పుడో పోయింది వదినా" అని అన్నం కెలుకుతూ కూర్చుంది. రావద్దని తనే అంది. వద్దన్న మాట అతను వింటాడని ఎవరనుకున్నారు! మాటకి కట్టుబడే మగవాడు దొరకడం ఇంత చిక్కు తెచ్చిపెడుతుందని నాకు మాత్రం ఏం తెలుసు?

అలా కొన్నాళ్ళు గడిచాయి. ఆ రోజు మబ్బు తునక లేదు, ఎండ మండిపోతోంది. నేను అన్నం డబ్బాతో వెళ్ళేసరికి క్లారినెట్ తాతగారు వాయిస్తున్నారు, ఆఫీసరు పక్కన నిలబడి తల ఊపుతున్నాడు.

టప్.

పాట ఆగిపోయింది. తాతగారు గబుక్కున తల తుడుచుకుని, "చెమట, చెమట" అన్నారు. టప్. ఈసారి ఆఫీసరు కళ్ళముందే పడింది. ఆయన ముఖం జేవురించింది. "రేకులు!" అని ఒక్క కేక పెట్టాడు. నా చేతిలో డబ్బా జారిపోయింది.

కంతలోంచి మా ఆడపడుచు తల బయటికొచ్చింది. ముఖం కందగడ్డలా ఉంది, పెదాలు బిగబట్టుకుంది.

"అవును సార్, కప్పు కారుతోంది!"

ఆ మాట ఎవరైనా అంటే మీదపడి రక్కేటంత పని చేసే మనిషి, తన నోటితో తనే అంటోంది!

"మేస్త్రిని పిలిపించండి సార్. ఆయనొచ్చి చూశాక రేకులు వేయించుకుందురుగాని."

నేను వెర్రిదానిలా పైకి చూస్తున్నాను. తను ముందుకి వంగేసరికి ఏప్రను జేబు కంతలోకి వేలాడింది, నేను కుట్టిచ్చిన జేబే. అందులోంచి ఏదో తళుక్కుమంది. పైపు క్లిప్పు! తను చటుక్కున జేబు మూసి, నా కళ్ళలోకి చూసి, నవ్వు ఆపుకోలేక మూతికి మోచెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒకే ఒక్కటి నాదనుకుని ఏడ్చిన మనిషి, ఆ ఒక్కదాన్నీ తెగించి పందెం కాసేసింది పిచ్చిమొహంది!

ఆఫీసరు గొణుక్కుంటూనే కబురంపాడు. ఎంతలో వచ్చాడనుకున్నారు? నేను డబ్బా తీసి, ఒలికిన కూర తుడిచేలోపు సైకిలు గంట మోగింది. మేస్త్రి బకెట్టు పెట్టాడు. డొల్ల స్తంభానికి చెవి ఆనించాడు. విన్నాడు. మెల్లిగా తలెత్తి కంత వంక చూశాడు. పైనుంచి తనూ చూస్తోంది. మీసాల కింద నవ్వు మొదలవడం నేను చూశాను.

"ఏమయ్యా, ఏంటట?" అన్నాడు ఆఫీసరు.

"సరిగ్గా తెలియట్లేదు సార్" అన్నాడు మేస్త్రి, ఆయన వంక చూడకుండానే. "ఏవండీ, పైకొచ్చి చూడొచ్చా?"

పైన గడ్డిలో ఏదో గరగరమని జరిగింది. పారల రోజు నుంచి తను ఎక్కగానే పైకి లాగేసుకుంటున్న నిచ్చెన అంచు మీంచి దిగి, దాని కాళ్ళు రెండూ నా ముందు నేలకి ఆనాయి.

"కిందనుంచి చూస్తే ఏం తెలుస్తుంది?" అంది మా ఆడపడుచు. "చెప్పులు విప్పి, పైకి రా."

మీరు కాదు, రండీ కాదు. రా! ఇన్నేళ్ళలో ఒక్కనాడు నన్ను పిలిచిన పాపాన పోలేదు! నాకు రోషం ముంచుకొచ్చింది, ఆ వెనకే నవ్వు, ఆ వెనకే ఇంకేదో. మేస్త్రి చెప్పులు విప్పి, రెంటినీ పక్కపక్కన సర్ది, కొయ్యబారి నిలబడిపోయాడు.

"ఎక్కవయ్యా మహానుభావా! లీకు ముదిరిపోతోంది!" అని కసిరాను.

ఎక్కాడు. క్లారినెట్ తాతగారు బకెట్టు కాస్త పక్కకి జరుపుకుని మళ్ళీ వాయించడం మొదలెట్టారు. కింద నిచ్చెన పట్టుకుంది నేనే. నాకెందుకో కళ్ళు తిరిగాయి, అందుకని కళ్ళు మూసుకునే పట్టుకున్నాను.